కడిగిన మైకు

పొద్దున ఏడైనా కాలేదు, సుబ్బలక్ష్మమ్మ వీధి అరుగును అప్పుడే రెండోసారి కడుగుతోంది. మొదటిసారి కడిగింది ముగ్గు కోసం. రెండోసారి, బయ్యప్ప అంగడికి వచ్చినవాడెవడో ఆ అరుగు మీద కూర్చుని బీడీ కాల్చి లేచిపోయినందుకు.

"శివ శివా! కూర్చునేది ఈడే, ఉమిసేది ఈడే. ఇది ఇల్లా, బస్టాండా?" అంటూ చెంబుతో నీళ్ళు విసిరి కొట్టింది.

ఆ ఇంట్లో రోత తాతల నాటి ఆస్తి. పొలం పోయింది, ఆవులు పోయాయి, కన్నడ సీమలోని చింతామణి ఊళ్ళో పేట వీధిలో ఉన్న ఆ ఇంటి ముందరి గది కూడా బాడుగకు పోయింది. రోత మాత్రం గవ్వంత తగ్గలేదు. ఎవరు తాగిన గ్లాసు ఎవరు ముట్టాలి, ఏ బట్ట ఏ దండెం మీద ఆరాలి, ఎవరు ఏ గడప దాకా రావచ్చు అన్న లెక్కలతోనే ఆ ఇంటి ఆడవాళ్ళ ఆయుష్షు సగం తీరిపోయేది. చెప్పడానికే చిరాకేస్తుంది, ఇక అందులో బతికినవాళ్ళ సంగతి చెప్పాలా!

సుబ్బలక్ష్మమ్మకు ఒక్కడే కొడుకు, భీమసేనదాసు. హరికథ చెబుతాడు. యాభై రెండేళ్ళు. చిక్కబళ్ళాపురం నుండి బాగేపల్లి దాకా ఆయన కథ జరగని గుడి లేదు. తెలుగులో మొదలుపెట్టి, నడుమ కన్నడంలోకి దిగి, మళ్ళీ తెలుగులోకి ఎక్కి జనాన్ని ఏడిపించి నవ్వించేవాడు. అయితే రెండేళ్ళ నుండి ఆ గొంతు మూడో వరస దాటడం లేదు. ఈ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయన ముఖం మీద అన్నవాడు మాత్రం లేడు.

ముందరి గది బయ్యప్పది. మిట్టేమరి రైతు కుటుంబంవాడు. సేద్యం అన్నదమ్ములకు వదిలేసి ఇక్కడ మైకు సెట్టు అంగడి పెట్టాడు. పెండ్లికైనా, తేరుకైనా, ఎలక్షన్ మీటింగుకైనా ఆయన హారన్లే. ఆ గదికీ ఇంటికీ నడుమ ఒక తలుపు ఉంది. గడియ ఇంటివైపే. ఆ గడియ తీయడం దాసుగారి ఒక్కగానొక్క కూతురు పంకజ పదేళ్ళప్పుడే నేర్చుకుంది.

ఇప్పుడామెకు పదిహేడు. ఎస్సెస్సెల్సీ ఫస్ట్ క్లాసులో ప్యాసయింది. ఆంప్లిఫయర్ మూత తీసి ఏ వాల్వు పోయిందో చెప్పగలదు. పందిట్లో ఏ కొయ్యకు హారన్ కడితే ఆఖరి వరసకు మాట అందుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. బయ్యప్ప ఆమెను "మేడమ్" అని ఆటపట్టించేవాడు గానీ, తనకు చేతకాని సెట్టు వచ్చినప్పుడు ఆ నడుమ తలుపే తట్టేవాడు. ఇంట్లో రేడియో చెడితే బాగుచేసేదీ ఆమే. రేడియో మడికి అడ్డం కాదు. అందులో మాట్లాడేవాడి ఎంగిలి బెంగళూరులోనే ఆగిపోతుందని అవ్వ తీర్మానం. మైకు సంగతి వేరు, దాని మీద ఊరందరి నోళ్ళూ పడతాయి.

ఆ పొద్దున పంకజ చేతిలో ఒక అర్జీ ఉంది. బెంగళూరు పాలిటెక్నిక్‌లో సౌండ్ ఇంజినీరింగ్ డిప్లొమా, మూడేళ్ళు. గొంతును పట్టడం, పెంచడం, టేపు మీద నిలపడం, అన్నీ నేర్పే చదువు. అది చదివితే రేడియో స్టేషన్లో పని, లేదంటే సినిమా స్టూడియోలో. సోమవారం లోపల అర్జీ అక్కడ చేరాలి. అడుగున కన్నడంలో 'పోషకర సహి' అని రాసి ఒక గీత గీసి ఉంది. ఆ గీత మీద తండ్రి సంతకం పెట్టాలి. పంకజకు ఈ లోకంలో కావలసింది అదొక్కటే.

"నాయనా, ఒక్క సహి చేస్తే చాలు. పిన్ని వాళ్ళింట్లో ఉండి చదువుకుంటాను."

దాసు స్నానం చేసి మడి కట్టుకుని ఉన్నాడు. కాగితాన్ని చేత్తో తాకలేదు. కింద పెట్టమని, వంగి చదివాడు. పాలలో ఈగను చూసినట్లు ముఖం పెట్టాడు.

"సౌండు ఇంజినీరింగా! అంటే ఆ గొట్టాల పనే గద?"

"గొట్టాలొక్కటే కాదు నాయనా, దాంట్లో శానా ఉండాది. లెక్కలుండాయి, కరెంటు ఉండాది..."

"ఉంటే ఉండనీ. మన వంశంలో నోరు తెరిస్తే భగవన్నామం. నువ్వు పోయి ఊరోళ్ళ ఉమ్ములు పడిన గొట్టాలు తుడుస్తావా? మొన్న ఎలక్షన్లలో రెండు పార్టీలోళ్ళూ దాంట్లోనే అరిసినారు. మురుగమల్ల దర్గా ఉరుసుకు పోయొచ్చిందీ అదే. పెండ్లిలో తాగినోడు పాడేదీ దాంట్లోనే. థూ!"

"మరి రేపు నువ్వు కథ చెప్పేదీ దాంట్లోనే గద నాయనా?"

ఆ మాట దాసుకు తగలరాని చోట తగిలింది. జ్యేష్ఠంలో బాటసారులు దిగే ఛత్రం ముందర ఐదు రోజుల కథ ఏటా ఆయనదే. ఈసారి ఛత్రం కమిటీ పెద్ద చెన్నరాయప్ప చేతులు కట్టుకుని, "ఎనక కూర్చున్నోళ్ళకు ఇనబడక లేచిపోతాండారు సామీ. మైకు పెట్టుకుంటే సరే. లేకుంటే వచ్చే ఏడు ఇంకెవరినైనా చూసుకోవాల్సొస్తాది" అని మర్యాదగానే చెప్పి పోయాడు. మైకుకు ఒప్పుకోక తప్పలేదు. ఒప్పుకున్న రోజు నుండి ఆయన మామూలు మనిషిలా లేడు.

"కథ సరిగ్గా జరగనీ. అప్పుడు చూద్దాం," అన్నాడు చివరికి.

అది సగం మాటే. ఆ సగం మాట పట్టుకునే పంకజ రెక్కలు వచ్చినట్లు తిరిగింది. వంటింటి గడపలో నిలబడి ఉన్న తల్లి భాగీరథి కూతురి ముఖం చూసి నవ్వింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడిన మాట ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం బయ్యప్ప నడుమ తలుపు తట్టి ఒక డబ్బా ఇచ్చాడు.

"పంకజమ్మా, బాగేపల్లిలో పెద్ద పెండ్లి ఉండాది, పాత సెట్టుతో నేను ఆడికి పోతాండాను. ఛత్రం కాడ సెట్టు నువ్వే చూసుకో. ఇదో, ఈ మైకు పోయినేడు మదరాసు నుంచి తెప్పించింది. నా ప్రాణం దీంట్లో ఉండాది తల్లీ. కథ బాగా జరిపించితివంటే, నీ చేతి పని ఇట్లాదని కాగితం రాసిస్తా. అర్జీతోపాటు పెట్టుకో."

పంకజ ఆ డబ్బాను రెండు చేతులతో అందుకుంది. మరునాడు పొద్దున అంగడి ఆంప్లిఫయర్‌కు మైకు తగిలించి, చప్పుడు సన్నగా పెట్టి చూసింది. గంట కొట్టినట్లు పలికింది. మళ్ళీ డబ్బాలో పెట్టి ఇంట్లోనే ఉంచి, తీగలూ హారన్లూ కట్టడానికి ఛత్రం దగ్గరికి పోయింది.

ఆమె అటు పోగానే ఇటు దాసు తల్లిని పిలిచాడు.

"అమ్మా, దీన్ని అట్లే నోటి కాడ పెట్టుకునేది నా వల్ల కాదు. బాగా కడుగు. నాలుగు నీళ్ళు పొయ్యి."

"నేను అదే అనుకుంటాండా నాయనా. ఎంతమంది చొంగ దీని మీద పడిందో!"

భాగీరథి వంటింట్లోంచి తల బయటపెట్టింది. "అత్తమ్మా, అది కరెంటు వస్తువు గద. పంకజ వచ్చినాక ఒక మాట అడిగి..."

"నీకేం తెలుసు, పొయ్యి చూసుకోపో," అన్నాడు దాసు.

భాగీరథి పొయ్యి చూసుకోవడానికే పోయింది. అదే ఆమె చేసిన తప్పు. సుబ్బలక్ష్మమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పెరట్లో రాతి మీద కూర్చుని, పూజ చెంబును తోమినట్లు ఆ మైకును చింతపండుతో తోమింది. మూతి మీది జాలీ సందుల్లోకి వేళ్ళతో కుక్కి కుక్కి మరీ తోమింది. ఒక నీళ్ళు, రెండు నీళ్ళు, మూడు, నాలుగు. తరువాత బోర్లించి ఎండలో పెట్టింది. పైన తళతళ మెరిసింది. దాసు దాన్ని పట్టుగుడ్డలో చుట్టి, తన చేత్తోనే ఛత్రానికి తీసుకుపోయాడు.

నాలుగు గంటలకు పందిరి కిటకిటలాడింది. దాసుగారు మైకులో చెబుతారట అని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. పంకజ ఆంప్లిఫయర్ పక్కన చాప మీద కూర్చుంది. ఆడపిల్ల సెట్టు దగ్గర కూర్చోవడం జనానికి కథకన్నా వింతగా ఉంది.

"నాయనా, ఇట్లియ్యి. ఒక్కసారి హలో అని చూస్తాను."

"మడి చేసి తెచ్చినాను. నాకన్నా ముందర ఇంకొకరి నోరు పడకూడదు."

"నోరు పెట్టను. వేలితో తడతాను."

"ముట్టుకోవద్దంటే ముట్టుకోవద్దు."

పంకజకు ఎందుకో అనుమానం వచ్చింది. "మడి చేసేదంటే? ఏం చేసినారు?"

"ఏం చేస్తాం? మంత్రం చెప్పి ఒక చుక్క తీర్థం చల్లినాము," అన్నాడు దాసు, ఆమె కళ్ళలోకి చూడకుండా.

తండ్రి మాట. నమ్మింది. దాసు తానే స్టాండుకు బిగించిన మైకుకు తీగ తగిలించి, తన చోటికి పోయి మీట తిప్పింది.

దాసు గొంతు సవరించుకున్నాడు. హారన్లలోంచి గరగరమని ఇసుక మీద రేకు ఈడ్చినట్లు ఒక చప్పుడు వచ్చింది. ప్రార్థన ఎత్తుకున్నాడు. ఆయన ఎత్తుకున్నది ఒకటి, హారన్లు వినిపించింది ఇంకొకటి. బురదలో గొంతు నులిమినట్లు ముక్కలు ముక్కలుగా ఏదో వచ్చి, చివరికి చెవులు చిల్లులు పడేలా ఒక కూత కూసి ఆగిపోయింది. పంకజ చేతులు మీటల మీద పరుగెత్తాయి. తీగ చూసింది, వాల్వులు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"సామీ, గొట్టంలోకి పిల్లి దూరిందేమో చూడండి!" అని ఎవడో అరిచాడు. పందిరంతా గొల్లుమంది.

ఆ నవ్వు దాసు తట్టుకోలేకపోయాడు. తప్పు ఎవరి మీదైనా పడేయాలి. ఎదురుగా కూతురు కనబడింది.

"నా కడుపున చెడబుట్టిందయ్యా ఇది!" అన్నాడు, వెయ్యిమంది ముందర, చెయ్యెత్తి చూపించి. "పట్టరాని పని పట్టుకుంటే ఇంతే. తండ్రి పరువు బజార్లో పెట్టాలనే చేసింది!"

మైకును స్టాండులోంచి లాగి పంకజ ఒళ్ళోకి విసిరేశాడు. పంకజ తల ఎత్తలేదు. ఆ తరువాత ఆయన గంటన్నర సేపు వట్టి గొంతుతో కథ చెప్పాడు. సత్యం గొప్పతనం గురించి కూడా చెప్పాడు, వింటే ఒళ్ళు మండేలా. నడుమ రెండుసార్లు గొంతు చీలింది. వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే చెప్పులు చేతబట్టుకుని లేచిపోయారు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరారు. పంకజ నడవాలో కూర్చుని మైకు మరలు తీసింది. లోపల కాగితంకన్నా పలచని పొర ఒకటి ఉంటుంది. మాట తగిలితే అది వణకాలి. అది తడిసి, ముడుచుకుని, అంటుకుపోయి ఉంది. దాని చుట్టూ ఏదో గోధుమరంగు జిగురు. వేలితో తీసి వాసన చూసింది. ఆమె ముఖం ఎర్రబడిపోయింది. లేచి తండ్రి ముందరికి పోయి అరచెయ్యి చాపింది.

"వాసన చూడు నాయనా. చింతపండు. పీచు కూడా ఉండాది. ఎవరు కడిగినారు దీన్ని?"

"నాకేం తెలుసు?" అన్నాడు దాసు. "ఎవరు కడిగినారో, ఎందుకు కడిగినారో! నేను మడిలో ఉంటి. ఆడోళ్ళు ఏం చేస్తాండారో నేను చూస్తా కూర్చుంటానా?"

జపమాల తిప్పుతున్న సుబ్బలక్ష్మమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏరా భీమా..." అని కొడుకు ముఖం చూసింది. డెబ్బై ఏళ్ళ ముసలిదాన్ని, తను చెప్పిన పని చేసిన తల్లిని, క్షణంలో అమ్మేశాడు ఆ పెద్దమనిషి. చూస్తే అసహ్యం వేయకుండా ఎట్లా ఉంటుంది!

"ఆ అర్జీ యాడుండాది?" అని ఆయనే మళ్ళీ గొంతు పెంచాడు. "తే ఇట్ల. చింపి పొయ్యిలో పెడితే గానీ నీకు బుద్ధి రాదు."

"దాని మీద చెయ్యి వెయ్యొద్దండి."

అన్నది ఎవరా అని అందరూ తిరిగి చూశారు. భాగీరథి. ఆమె చేతిలో విస్తరాకు ఉంది.

"కడగమన్నది మీరు. నాలుగు నీళ్ళు పొయ్యమన్నది మీరు. నేను చెవులారా ఇంటిని. అడ్డం చెప్పబోతే పొయ్యి చూసుకోపొమ్మన్నారు. పోతిని. నాదీ తప్పే. కానీ అంతమందిలో బిడ్డను చెడబుట్టింది అన్నారే, అప్పుడు మీకు తెలీదా, కడిగింది ఎవరో?"

"భాగీరథీ, ఊరకుండు."

"ఉండను. ఇరవై రెండేండ్లు ఉన్నాను. మీకు మైకంటే రోత, బయ్యప్పంటే రోత, అరుగు మీద కూర్చునేవాళ్ళంటే రోత. కొత్తకోడలిగా వచ్చిన దినం నుంచి మీ ఎంగిలాకులో తింటాండాను నేను. మీరు నమిలి పారేసిన మునక్కాడ తొక్కు పక్కకు తోసి, ఆ ఆకులోనే అన్నం పెట్టుకున్నాను. కక్కొచ్చినా మింగినాను. నాకూ రోత ఉంటాదని ఈ ఇంట్లో ఒక్కరైనా అడిగినారా?"

సుబ్బలక్ష్మమ్మ తల దించుకుంది. ఆమె మాత్రం తన కాలంలో తిన్నది ఏ ఆకులో గనుక!

"రండి. వడ్డిస్తాను. అది మాననులెండి," అని ఆకు వేసింది భాగీరథి. "ఎత్తేది మాత్రం ఇంక నా చేత కాదు."

దాసు కోపంతోనే కూర్చున్నాడు, కోపంతోనే కలిపాడు, నాలుగు ముద్దలు తిని సగం అన్నం వదిలేసి లేచాడు. ఆకు అక్కడే ఉంది. సుబ్బలక్ష్మమ్మ ప్రాణం ఒప్పక వంగబోయింది. "ముట్టుకోవద్దు అత్తమ్మా. ఎవరిది వాళ్ళు ఎత్తుకోనీ," అంది కోడలు. అత్త ఒక్క నిమిషం కొడుకు పోయిన దిక్కు చూసింది. ఆమె కూడా ఎత్తలేదు.

తెల్లవారింది. ఆ పొద్దున అరుగు కడిగినవాళ్ళు లేరు. దాసు నిద్ర లేచి వచ్చేసరికి ఆకు వేసినచోటే ఉంది. పప్పు ఎండి పెచ్చులు కట్టింది. మజ్జిగ పులిసి వాసన కొడుతోంది. నమిలి ఉమ్మిన తొక్కుల మీద చీమలు, వాటి మీద ఈగలు. దాసు పంచె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏమే, ఎవరైనా ఉండారా?" అని పిలిచాడు. భాగీరథి వంటింట్లో కూర్చుని కూర తరుగుతూనే ఉంది. వినబడలేదని కాదు.

చాలాసేపు నిలబడ్డాడు. తరువాత కూర్చుని ఆకు మడిచాడు. పులిసిన మజ్జిగ వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారింది. పెరటి తలుపు దాకా పోయాడు. గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. అది ఊరోళ్ళ ఎంగిలి కాదు. తనది. ఇరవై రెండేళ్ళుగా ఒక మనిషి చేత దాన్ని ఎత్తించాడు, దాంట్లో తినిపించాడు. నిన్న సాయంత్రం అంతకన్నా కంపు కొట్టే మాట ఒకటి నోట్లోంచి తీసి కూతురి మీద పారేశాడు. ఛీ, అనుకున్నాడు. ఆ ఛీ మొదటిసారి ఆయన మీదనే పడింది.

చెయ్యి కడుక్కుని వస్తుంటే నడుమ తలుపు అవతల మాటలు వినబడ్డాయి. బయ్యప్ప బాగేపల్లి నుండి మొదటి బస్సుకే వచ్చేశాడు.

"నా మైకును నీళ్ళల్లో ముంచినారా! అయ్యో, అయ్యో! ఎవరమ్మా, ఎవరు చేసినారు ఈ పని? ఊర్లో అందరూ నీ పేరే చెప్తాండారు."

"ఎవరు చేసినా, చెడిందేమో చెడింది బయ్యప్పా," అంది పంకజ గొంతు. "పొర చినగలేదు. తీగచుట్ట తెగలేదు. స్పిరిట్‌తో కడిగితే ఈ జిగురు పోతాది. బల్బు కింద మెల్లగా ఆరబెడితే పలుకుతాదేమో. రొంత మొద్దుగా పలకొచ్చు, అది నేను ఆంప్లిఫయర్లో సరిచేస్తాను. నాకు ఈ ఒక్క దినం ఇయ్యి."

ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. తండ్రి పేరూ చెప్పలేదు, అవ్వ పేరూ చెప్పలేదు. గడప ఇవతల నిలబడిన దాసుకు తలుపు తోసే ధైర్యం చాలలేదు. మధ్యాహ్నం దాకా ఆ గదిలోంచి స్పిరిట్ వాసన వస్తూనే ఉంది. మూడు గంటలప్పుడు హారన్ ఒకటి "హలో, ఒకటి, రెండు" అని పలికింది. బయ్యప్ప ఈల వేశాడు.

నాలుగింటికి పందిట్లో జనం నిన్నటికన్నా ఎక్కువ. నిన్నటి వేడుక మళ్ళీ జరుగుతుందేమోనని వచ్చినవాళ్ళే సగం. చెన్నరాయప్ప మైకు వద్దులే అని గొణిగాడు. పంకజ వినిపించుకోలేదు. స్టాండు మీద మైకు బిగించి, అందరి ముందరే వేలితో తట్టి, "హలో" అని, పోయి తన చాప మీద కూర్చుంది.

దాసు మైకు ముందరికి వచ్చాడు. అది తన కూతురి నోరు పడిన మైకు, ఎంతమందిదో నోరు పడిన మైకు. అయినా దగ్గరగా జరిగాడు, పెదవి తగిలేంత దగ్గరగా.

"కథకు ముందర ఒక మాట," అన్నాడు. ఛత్రం గోడల మీదుగా పేట వీధి చివర దాకా ఆ గొంతు పోయింది. "నిన్న ఈ మైకు చెడగొట్టింది నా కూతురు కాదు. నేను. రోతపడి నేనే చింతపండుతో కడిగించినాను. మా అమ్మ చేత కడిగించినాను. చెడింది నా వల్ల అని నాకు తెలిసీ, మీ ముందర బిడ్డను అనరాని మాట అన్నాను. ఇంటికి పోయి మళ్ళీ అబద్ధం ఆడినాను, తప్పు మా అమ్మ మీద పెట్టినాను. సత్యం గురించి నిన్న మీకు గంటన్నర చెప్పినాను గద, అది చెప్పిన నోరు ఇట్లాది. నిన్న నవ్వినోళ్ళు ఈ పొద్దు కూడా నవ్వండి. నన్ను చూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో కూర్చున్న సుబ్బలక్ష్మమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. భాగీరథి కప్పుకోలేదు. భర్త ముఖం చూస్తూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా. పంకజకు మీటలు కనబడడం లేదు. చేత్తో తడిమి, తండ్రి గొంతు వణుకు బయటికి మరీ పోకుండా ఒకదాన్ని ఇంత తగ్గించింది.

"చెడగొట్టింది నేను. బాగుచేసింది నా కూతురు. ఇక కథ వినండి," అన్నాడు దాసు. ఆ రోజు ఆఖరి వరస నుండి ఒక్కరూ లేవలేదు.

మంగళహారతి అయ్యాక బయ్యప్ప అంగడి రశీదు పుస్తకంలోంచి ఒక కాగితం చించి, ఆంప్లిఫయర్ మీద పెట్టి కన్నడంలో రాయడం మొదలుపెట్టాడు. "చింతపండు పులుసులో ఉడికిన మైకును బతికించిందని రాయనా మేడమ్?" అని అడిగాడు. పంకజ ఏడుపులోనే నవ్వింది. దాసు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అర్జీ తెచ్చినావా?"

పంకజ లంగా బొందెలో దోపుకున్న కాగితం తీసింది. దాసు బయ్యప్ప కలం అడిగి తీసుకుని, గీత మీద పూర్తి పేరు రాశాడు. ఊరి పేరు, తారీకు కూడా రాశాడు.

"నాకు దీన్ని చూస్తే ఇప్పటికీ రోతే తల్లీ," అన్నాడు నెమ్మదిగా. "అది ఒక్క దినంలో పోయేది కాదు. పోయిందని చెబితే ఇంకో అబద్ధం అవుతాది. కానీ నా మీద నాకు పుట్టిన రోత ముందర అది ఎంత? నువ్వు పో. చదువుకో."

పంకజ సిరా ఆరేదాకా సంతకం మీద ఊది, కాగితం మడిచింది.

"నిన్న నువ్వు అన్న మాట నేను మరచిపోలేను నాయనా."

"మరచిపోవద్దు," అన్నాడు దాసు. "నువ్వు మరచిపోతే నేను ఇంకోసారి అంటాను."

అప్పుడు పంకజ బావురుమంది. చిన్నపిల్లలా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. దాసుకు ఓదార్చడం ఎట్లాగో తెలియలేదు. వెయ్యిమందిని ఏడిపించడమే తెలుసు ఆయనకు. వంగి, నేల మీద పడి ఉన్న మైకు తీగ కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. అడ్డదిడ్డంగా చుడుతున్నాడు.

"అట్ల కాదు నాయనా, మెలిక పడితే లోపల తెగిపోతాది," అని పంకజ కళ్ళు తుడుచుకుని లేచింది. రెండో కొస తను పట్టుకుని, ఎట్లా చుట్టాలో ఆయనకు చూపించింది.